బ్యాటరీ లేని ట్యాబ్ నుంచి వచ్చిన కబురు

మా అమ్మ తరఫు చుట్టాల్లో ఎవరికో ఒకరికి గాలి సోకిందన్న మాట వినని ఏడాది ఉండేది కాదు. నేను చిన్నప్పటి నుంచీ నవ్వి ఊరుకునేదాన్ని. ఇప్పుడు చెప్పేది కూడా దయ్యం సంగతని నేను అనడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మహబూబ్‌నగర్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేస్తాను. మేం తయారుచేసిన యాప్‌ను ఒక ట్రస్టు దవాఖాన వాళ్లు వాడుతున్నారు. ఊళ్లు, తండాలు తిరిగే వాళ్ల నర్సమ్మల దగ్గర తలా ఒక ట్యాబ్ ఉంటుంది. గర్భిణికి ప్రమాదం అనిపిస్తే నర్సమ్మ వివరాలు నింపి పంపుతుంది. ఆ అభ్యర్థన మా సర్వర్ ద్వారా దవాఖానలో తెర మీద కనిపిస్తుంది. బండి బయలుదేరగానే సర్వర్ ఆ ట్యాబ్‌కు జవాబు పంపుతుంది. జవాబు చేరితే ట్యాబ్ తనంతట తానే ‘అందింది’ అని తిరుగు కబురు పెడుతుంది.

ఏ ట్యాబ్ ఎప్పుడు అడిగింది, జవాబు ఎప్పుడు అందుకుంది, అన్నీ లాగ్‌లో పడతాయి. ఆ లాగ్ చూడటమే నా ఉద్యోగం.

నారాయణపేట వైపు తండాలు చూసే నర్సమ్మ బాలమణక్క. యాభై దాటిన మనిషి. ఆ ఎండాకాలం ఆమె ట్యాబ్‌లో బ్యాటరీ ఉబ్బి, అద్దం పైకి లేచింది. తెచ్చి నాకిచ్చింది. రిపేరు షాపతను నా కళ్లముందే బ్యాటరీ ఊడదీసి, కొత్తది హైదరాబాద్ నుంచి తెప్పించాలన్నాడు. సిమ్ అక్క తన చిన్న ఫోన్లో వేసుకుని వెళ్లింది. ఉత్త ట్యాబ్‌ను నేను నా టేబుల్ సొరుగులో పెట్టి తాళం వేశాను.

నాలుగో రోజు, మధ్యాహ్నం అన్నం తిని వచ్చి కూర్చున్నాను. రెండూ పదికి ఒక అత్యవసర అభ్యర్థన వచ్చింది. శాంతాబాయి, ఇరవై రెండేళ్లు, తొలి కాన్పు, రక్తం పోతోంది. తండా పేరు. బడి వెనక నీలం తలుపుల ఇల్లు. పంపినది బాలమణక్క ట్యాబ్.

అక్కకు దవాఖాన వాళ్లు వేరే ట్యాబ్ ఇచ్చి, దానికి పాత ట్యాబ్ నంబరే ఎక్కించారేమో అనుకున్నాను. అడుగుదామని ఫోన్ చేస్తే కలవలేదు. రెండూ పన్నెండుకు బండి బయలుదేరినట్టు జవాబు పోయింది. ‘అందింది’ అన్న తిరుగు కబురు మామూలుగా క్షణంలో వస్తుంది. ఆ రోజు తొమ్మిది నిమిషాలు పట్టింది. తండాల్లో సిగ్నల్ అంతేలే అనుకుని వేరే పనిలో పడ్డాను.

మర్నాడు పొద్దున అక్క దవాఖాన నుంచి నేరుగా మా ఆఫీసుకు వచ్చింది. చీర మీద మరకలు ఇంకా ఉన్నాయి. తల్లీ బిడ్డా బతికారనీ, ఆడపిల్ల పుట్టిందనీ చెప్పింది. ఇంకో అరగంట ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవాళ్లు కాదని డాక్టరమ్మ అన్నదట. తర్వాత నా చేతులు పట్టుకుంది.

“బండి పంపిచ్చింది నువ్వే గదా బిడ్డా. నేను ఆడున్నట్టు నీకెట్ల ఎర్కైంది?”

నేను పంపలేదనీ, అభ్యర్థన ఆమె ట్యాబ్ నుంచే వచ్చిందనీ చెప్పాను. ఆమె నా ముఖంలోకి చూసింది. తన దగ్గర ట్యాబ్ ఎక్కడిదని అడిగింది.

నేను సొరుగు తాళం తీశాను. ట్యాబ్ పెట్టినచోటే ఉంది. వెనక మూత తీసి చూశాం. బ్యాటరీ ఉండాల్సిన చోటు ఖాళీ.

అక్క కుర్చీలో కూర్చుని నిన్నటి సంగతి చెప్పింది. పిల్లలకు టీకాలు వేయడానికి తండాకు పోతే ఒక ఇంట్లోంచి మూలుగు వినబడిందట. శాంతాబాయి మొగుడితో పుణెలో కూలి పని చేసుకుంటూ, కాన్పు కోసం మూడు రోజుల కిందటే తల్లిగారింటికి వచ్చింది. ఎవరి జాబితాలోనూ ఆమె పేరు లేదు. అక్క కూడా అప్పుడే మొదటిసారి చూడటం. ఫోన్‌కు సిగ్నల్ లేదు, గుట్ట ఎక్కితే గానీ రాదు. రక్తం పోతున్న మనిషిని వదిలి కదిలే వీలు లేదు. బండి కోసం రోడ్డు దాకా పోయిన తల్లి ఏదీ దొరక్క తిరిగొచ్చింది.

శాంతాబాయి మాటిమాటికీ దవాఖానకు చెప్పావా అని అడుగుతోందట.

“ధైర్యం చెడితె మనిషి దక్కదని, పంపిన బిడ్డా, వస్తున్నరు అని చెప్పిన,” అంది అక్క. “దాని పేరు, వయసు, ఇంటి గుర్తు, అన్నీ మనసులనే నింపుకున్న. రోజూ నింపెటట్టే.”

కాసేపటికి ఆ పిల్ల, జవాబు వచ్చిందా అని మళ్లీ అడిగిందట. వచ్చింది, బయలుదేరారు అని ఇంకో అబద్ధం చెప్పిందట అక్క. రెండింటి మధ్య ఎంతసేపు గడిచిందని అడిగాను. గడియారం చూసుకోలేదనీ, పొయ్యి మీద పెట్టిన గిన్నెడు నీళ్లు మరిగేంత సేపనీ చెప్పింది. లాగ్‌లో అభ్యర్థనకూ ‘అందింది’ అన్న కబురుకూ మధ్య పదకొండు నిమిషాలు.

మా టీం లీడర్ పాత అభ్యర్థన ఏదో ఎక్కడో ఆగిపోయి ఆ రోజు కదిలి ఉంటుందన్నాడు. అలా జరగడం నేనూ చూశాను. కానీ మూడు రోజుల కిందట పుణె నుంచి వచ్చిన మనిషి పేరు పాత అభ్యర్థనలో ఎలా ఉంటుంది? వేరొకరెవరో అక్క పేరుతో పంపారేమో అన్నారు ఆఫీసులో మిగతావాళ్లు. కానీ ట్యాబ్‌కు కంపెనీలో వేసే నంబరుతో సహా సరిపోయింది. వారం రోజులు వెతికాను. చివరికి రిపోర్టులో ‘కారణం తెలియలేదు’ అని రాసి సంతకం పెట్టాను. ఇప్పటికీ నేను చెప్పగలిగింది అంతే.

ఆ పొద్దున అక్క వెళ్లే ముందు గుమ్మం దగ్గర ఆగింది. కొంగు సర్దుకుంది.

“నేను ఆ పిల్లకు రెండు అబద్ధాలు చెప్పిన అనుకుంట రాత్రంత దేవునికి మొక్కుకున్న. ఇప్పుడు జర నువ్వే చెప్పు బిడ్డా. చెప్పిననా, చెప్పలేదా?”

లాగ్ ప్రకారం చెప్పలేదు అక్కా, అన్నాను.