చెల్లెలి గొంతున్న పాట

బెంగళూరు దగ్గర ఆనేకల్‌లో మగ్గం నేసే అక్కయమ్మ పెళ్లిపాటలు బాగా పాడుతుందని పేరు. ఆమె ఎత్తుకుంటే చెల్లెలు అంజినమ్మ వంత పాడేది. తొంభైల్లో ఒక చిన్న క్యాసెట్ కంపెనీ వాళ్లు వచ్చి ఇద్దరి చేతా పాడించి రికార్డు చేసుకుపోయారు. కొన్నేళ్లకు అంజినమ్మ జ్వరంతో పోయింది. ఇంట్లో ఉన్న ఒక్క క్యాసెట్టూ టేపు నలిగి మూలపడింది.

2007లో కోడలు రంజితకు అక్కాచెల్లెళ్ల పాట ఒకటి ఇంటర్నెట్‌లో కనబడింది. కుందలహళ్ళిలో తాను పనిచేసే ఆఫీసు కంప్యూటర్‌లోనే కొని దించుకుంది. అక్కడ బాగానే పలికింది. సీడీలో వేసి ఇంటికి తెచ్చి పెడితే మోగలేదు. అత్తను వెంటబెట్టుకుని వీధి చివరి నెట్ సెంటర్‌కు వెళితే, కొన్న కంప్యూటర్‌లో తప్ప ఇందులో వినడానికి అనుమతి లేదని తెర మీద వచ్చింది. పక్కనే రింగ్‌టోన్లు కొనమంటూ బొమ్మలు గెంతుతున్నాయి. ఒకటి మూస్తే రెండు తెరుచుకున్నాయి.

“పాడింది నేనని చెప్పు వాళ్లకి,” అంది అక్కయమ్మ.

“చెప్పేదానికి మనిషనేవాడు ఆడ యాడుండాడత్తా?”

రంజిత ఆ సైటు వాళ్లకు మెయిల్ రాసింది. జవాబుకు బదులు మరిన్ని ప్రకటనలు వచ్చాయి. అక్కయమ్మ మగ్గం ముందు కుదురుగా కూర్చోలేకపోయింది. పోగు తెగితే అతకకుండానే లేచి వాకిట్లోకి పోయేది. కోడలు బస్సు దిగి రాగానే, “వాళ్లు పాట తెరిచినారా?” అని అడిగేది.

“నువ్వే ఇంకోసారి పాడు, ఫోన్లో పట్టుకుంటా,” అంది రంజిత ఒకరోజు విసిగి.

“నా గొంతు నాకెందుకే? అంజిది గావాల.”

ఆ ఆదివారం రంజిత కాపలా మనిషిని బతిమాలి అత్తను ఆఫీసులోకి తీసుకెళ్లింది. ఇంటినుంచి తెచ్చిన పాత టేప్‌రికార్డర్‌ను స్పీకర్ ముందు పెట్టి, మీట నొక్కి, మాట్లాడొద్దని సైగ చేసింది. ముందు సైటు వాళ్లు అతికించిన తలనూనె ప్రకటన, ఆ వెనక పాట. అంజినమ్మ వంత అందుకోగానే అక్కయమ్మ ఉండబట్టలేక తానూ గొంతు కలిపింది. రంజిత వారించబోయి ఆగిపోయింది.

ఇంటికొచ్చి వింటే తలనూనె, ఏసీ హోరు, వణికే ముసలి గొంతు. వాటి వెనక ఎక్కడో సన్నగా అంజినమ్మ.

“మళ్లా పోదామా అత్తా? ఈసారి గమ్మునుండు.”

“వద్దులే. వినబడతా ఉండాది గదా.”

అలా అంది గానీ, ప్రకటన వస్తే కూర్చునేది కాదు. లేచి వంటింట్లోకి పోయి, పాట మొదలయ్యే వేళకు గబగబా వచ్చేది. ఒక్కోసారి ఆలస్యమై తొలి వరుస దాటిపోయేది. మళ్లీ మొదటికి తిప్పమనేది.