ఎడం కిటికీ

యానాం నుంచి కాకినాడ వెళ్లే బస్సులో నా పక్కనాయన దుప్పటి చుట్టిన కంప్యూటరును ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అమ్మడానికి తీసుకెళ్తున్నాడట.

"ఇంట్లో మూడు కంప్యూటర్లు వైర్లతో కలిపి, విమానం నడిపే ఆట ఆడతానండి. మధ్యదాంట్లో ఎదర ఆకాశం, అటోటి ఇటోటి కిటికీలు. ఇది ఎడం కిటికీ అండి."

"మరి అమ్మేస్తే ఎలాగండీ?"

"ఎడంకన్ను పోయిందండి. ఇంకెవరు చూస్తారు?" అని నవ్వాడు. "రెండోదీ దక్కదంటున్నారు డాక్టరుగారు."



కాసేపటికి ఆయనే, "ఎందాకా వచ్చామండీ? బోర్డులు ఆనట్లేదు, కాస్త చదివి చెప్పండి," అన్నాడు.

నేను యాభై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని. ఒక్కో అక్షరం కూడబలుక్కుని పేరు పూర్తిచేసేలోపే బోర్డు వెనక్కి వెళ్లిపోతోంది. ఆయన మాత్రం "ఊఁ, చెప్పండి" అంటూ నావైపే తిరిగి కూర్చున్నాడు.