మగ్గం గుంటలోంచి మాటిమాటికీ లేచిన మనిషి

రెండువేల పద్నాలుగు, మండువేసవి. గుంటూరు కొత్తపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా చేస్తున్నాను. మెట్ల కింద ఇరుకు గది మాది. గాలి మిర్చి యార్డు వైపు నుంచి తిరిగిందంటే మిరప ఘాటు లోపలికొచ్చి, సూది పట్టుకున్న నేనూ, చెయ్యి చాపిన పేషెంటూ కలిసి తుమ్మేవాళ్ళం. తర్వాత చల్లటి ఏసీ ల్యాబుల్లో చాలా ఏళ్ళు పనిచేశాను గానీ, మనసు ఇప్పటికీ ఆ మెట్ల కిందికే పోతుంది.

కోటేశ్వరరావు గారిని అక్కడే చూశాను. మంగళగిరి నేత మనిషి, నలభై దాటాయి. గుంటమగ్గం ఆయనది. గుంటలోకి కాళ్ళు దించుకుని కూర్చుంటే భోజనం వేళకే లేచే అలవాటు. అలాంటి మనిషికి విపరీతమైన దాహం పట్టుకుంది. నీళ్ళు తాగడానికి లేవడం, తాగినవి పోయడానికి మళ్ళీ లేవడం. లేచి కూర్చున్నప్పుడల్లా చేతి ఊపు మారిపోయి చీరలో అడ్డంగా గీత కనిపించేదట. నూలిచ్చే షావుకారు రెండు మూడు చీరలు వెనక్కి పంపి, ఇలాగైతే నూలు ఇంకొకరికి ఇచ్చేస్తానన్నాడు.

షుగరేమోనని చాలాచోట్ల రక్తం ఇచ్చారు. ప్రతిసారీ రిపోర్టు నార్మల్. దాంతో అది జబ్బు కాదు, అలవాటని ఇంట్లోనూ వీధిలోనూ తేల్చేశారు.

మా ఆసుపత్రికి కొత్తగా వచ్చిన హార్మోన్ల డాక్టరు గారు ఆయన్ని అడిగింది వేరే ప్రశ్న. తలకి ఎప్పుడైనా దెబ్బ తగిలిందా అని. అంతకుముందు ఏడాది సైకిల్ మీద నూలు తెస్తుంటే ఆటో గుద్దిందనీ, కుట్లు పడ్డాయనీ, అవి ఎప్పుడో మానిపోయాయనీ ఆయన చెప్పారు. దాహం ఆ తర్వాతే మొదలైంది.

మెదడు అడుగున శనగగింజంత పిట్యూటరీ గ్రంథి ఉంటుంది. ఒంట్లో నీళ్ళు తగ్గినప్పుడు అది ఏడీహెచ్ అనే హార్మోన్‌ని వదులుతుంది. ఇక నీళ్ళు బయటికి పోనివ్వొద్దని కిడ్నీలకు అందే కబురు అదే. తలకి తగిలిన దెబ్బకి ఆ గ్రంథి పాడై కబురు అందకపోతే నీళ్ళు తాగినవి తాగినట్టే పోతాయి. అది తేల్చడానికి వాటర్ డిప్రైవేషన్ టెస్ట్ చేస్తారు. పొద్దున్నుంచీ చుక్క నీళ్ళు ఇవ్వకుండా బరువు, మూత్రం, రక్తం చూస్తూ పోవాలి. పేషెంటు మరీ ఎండిపోతే ప్రమాదం కాబట్టి పక్కన మనిషి ఉండాలి. ఆ రోజు ఆ పక్కన మనిషిని నేనే.

మొదట్లో ఆయన నేత గురించి కబుర్లు చెప్పారు. ఎండ ఎక్కేకొద్దీ మాటలు తగ్గాయి. పెదాలు పగిలాయి, నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. బరువు తగ్గుతూనే ఉంది. అయినా ఆయన తెచ్చిచ్చే మూత్రం మాత్రం కుళాయి నీళ్ళలా తెల్లగా ఉంది.

ఆయన భార్య సామ్రాజ్యం గారు ఆ సీసాల వంక చాలాసేపు చూసింది. తర్వాత నన్ను అడిగింది.

"పొద్దున్నుంచీ నీళ్ళు ముట్టలేదు కదండీ. ఇదంతా ఎక్కణ్ణుంచి వస్తోంది?"

ఒంట్లోంచేనండీ, ఆయన ఆపుకోలేరు అన్నాను.

ఆవిడ బల్ల మీద కూలబడిపోయింది. "నీళ్ళు తగ్గిస్తే అలవాటు పోతుందన్నారు. బిందె గదిలో పెట్టి తాళం వేశానండీ. తాళం చెవి ఇమ్మని అడిగేవాడు. ఇచ్చేదాన్ని కాదు."

కోటేశ్వరరావు గారు కళ్ళు తెరవకుండానే, "నీకేం తెలుసులే" అన్నారు.

డాక్టరు గారు వచ్చి ఇక చాలు, ఏడీహెచ్‌కి రక్తం తీయమన్నారు. ఆ హార్మోన్ బయట నిలవదు. ఐసులో పెట్టిన గొట్టంలోకి తీసి, వెంటనే చల్లటి సెంట్రిఫ్యూజ్‌లో, అంటే రక్తాన్ని గిరగిరా తిప్పే యంత్రంలో వేసి, పైకి తేలిన ప్లాస్మాని గడ్డకట్టించి హైదరాబాదు పంపాలి. ఒళ్ళు ఎండిపోయి ఉండడంతో నరం దొరకలేదు. ఒకసారి గుచ్చి చూశాను, రక్తం రాలేదు.

"నిదానంగా తీయండమ్మా," అన్నారాయన. "ఇంతసేపు ఆగినవాణ్ణి, ఇంకాస్త ఆగలేనా?"

రెండో చేతికి నరం దొరికింది. ఆ తర్వాత డాక్టరు గారు ఆ హార్మోన్ పనే చేసే డెస్మోప్రెసిన్ ఇంజెక్షన్ చేయించి, నీళ్ళు కొద్దికొద్దిగా పట్టమన్నారు. సామ్రాజ్యం గారు గ్లాసు ఆయన నోటికి ఆనించి తనే పట్టింది. సాయంత్రం ఆయన తెచ్చిన సీసాలో కొంచెమే ఉంది. రంగు చిక్కటి పసుపు. ఆవిడ దాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తి చూసి నవ్వుతూ ఏడ్చింది.

కొన్ని రోజులకు హైదరాబాదు రిపోర్టు వచ్చింది. ఏడీహెచ్ దాదాపు లేదు. షుగరుతో సంబంధం లేని ఈ జబ్బు పేరు డయాబెటిస్ ఇన్సిపిడస్. ముక్కులో కొట్టుకునే మందు రాశారు.

మరుసటి ఏడు మా చెల్లి పెళ్ళికి చీరలు కొనడానికి మంగళగిరి వెళ్ళి వాళ్ళింటికీ వెళ్ళాను. ఆయన నేస్తూనే నాతో మాట్లాడారు. నేనున్నంతసేపూ ఆ గుంటలోంచి లేవలేదు.

ఇన్నేళ్ళ పనిలో ఆ కేసు నాకు నేర్పింది ఒకటుంది. ఒంట్లో బాధ ఉందని మనిషి చెబితే, దాన్ని పట్టుకునే పరీక్ష దొరక్క ముందే నమ్మాలి. నార్మల్ రిపోర్టు చేతికిచ్చేటప్పుడు 'మీకేం లేదు' అనడం నేను అప్పుడే మానేశాను. 'ఈ పరీక్షలో ఏమీ తేలలేదండీ, డాక్టరు గారికి మళ్ళీ చెప్పండి' అంటాను.