మంచు ముందు మోటారుసైకిల్

ఫోటోలు కడిగే మందు వాసన తగిలితే చాలు, నాకు ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది. మొన్న హాల్లో తగిలించేందుకు ఫోటో కావాలని మా ఆవిడ పోరితే బెంగుళూరు చిక్కపేటలో ఒక స్టూడియోకి వెళ్ళాను. లోపల తెర మీద నీలిరంగు హిమాలయాలు, వాటి ముందు కదలని మోటారుసైకిల్. దానిమీద కొత్త పెళ్ళికొడుకొకడు భూగోళమంతా చుట్టివచ్చిన అలసటతో కూర్చున్నాడు. ఎంత అన్యాయం! నిజంగా అక్కడిదాకా వెళ్ళి నడుము విరగ్గొట్టుకున్న నాకు అలాంటి ఫోటో ఒక్కటీ లేదు. కారణం మునియప్పన్న.

పదిహేనేళ్ళ కిందట నేను ఆయన స్టూడియోలో ఫోటోలు కడిగేవాణ్ణి. ఆయనకూ అలాంటి తెర, అలాంటి బండి ఉండేవి. బెంగుళూరులో సగం పెళ్ళిళ్ళు ఆ బండి మీదే కుదిరాయి. చిత్రమేమిటంటే ఆయనకు బండి నడపడం రాదు. ఒకరోజు ఊరి చివర హూడి నుంచి వచ్చిన ముసలమ్మ తన మనవడి ఫోటో చూసి, "ఈ కొండ యాడుండాదప్పా? మావాడు ఎప్పుడు పోయినాడు?" అని అమాయకంగా అడిగింది. కొన్నాళ్ళకే మునియప్పన్న బండిని బాగుచేయించి నన్ను ముందు కూర్చోబెట్టాడు.

"యాడికన్నా?"

"కొండ చూసేదానికప్పా. ఇన్నేండ్లు జనానికి చూపిస్తా ఉండా, నేనే చూడలా."

నా వెన్నుపూసలు జిల్లాకొకటి చొప్పున రాలిపోయాయి. నేను మింగిన దుమ్ముతో ఇల్లు కట్టొచ్చు. ఆయన మాత్రం కెమెరాను చంటిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని, దారిలో కనిపించినవాళ్ళందరినీ "గడ్డం పైకి, కొంచెం నవ్వు" అని సర్దుతూ ఫోటోలు తీశాడు. ఆదిలాబాద్ దగ్గర ఒక గొర్రెల కాపరి కసురుకున్నాడు: "నేనింతే ఉంట. తీస్తే తియ్యి, లేకుంటే పో." అన్న ఆయన్ని ఉన్నదున్నట్టే తీశాడు. తర్వాత ఎవరి గడ్డమూ ముట్టుకోలేదు.

చివరికి హిమాలయాల దగ్గరికి చేరాం. బండి మీద మహారాజులా కూర్చున్నాను. వెనక్కి తిరిగితే కొండ లేదు! లోకంలోని పొగమంచంతా నామీద పగబట్టి అక్కడే కాపురం పెట్టింది. ఎన్నాళ్ళు కాచుకున్నా తొలగలేదు. ఆ మంచులోనే నా ఫోటో తీసి, బండిని వెనక్కి తిప్పించాడు.

బెంగుళూరు చేరేసరికి నాకు పెళ్ళిచూపులు. పిల్ల తండ్రి కోలారు నుంచి వస్తున్నాడు. అన్న కాళ్ళావేళ్ళా పడ్డాను.

"మన తెర ముందర ఇంకొకటి తియ్యన్నా. నేను నిజంగా పోయొచ్చినోణ్ణే కదా!"

"పోయింది నిజమే. కొండ అగుపడలేదు కదప్పా."

అప్పటికే తెరను చుట్టి అటకమీద పడేశాడు. గిరాకీ సగం ఎదురు స్టూడియోకు పోయినా దింపలేదు. పిల్ల తండ్రి నా ఫోటోను అటూ ఇటూ తిప్పి, "ఇదేందప్పా, పిండిమర ముందర తీసినారా?" అన్నాడు. ఆ పిల్లను ఎవడికిచ్చాడో తెలుసా? ఎదురు స్టూడియోలో కదలని బండెక్కి హిమాలయాలు గెలిచినవాడికి! సైకిల్ తొక్కడం కూడా రాదట వాడికి!

మొన్న స్టూడియోలో నా వంతు వచ్చింది. "కూర్చోండి సార్, కొండలు బ్రహ్మాండంగా పడతాయి" అన్నాడు ఫోటో ఆయన.

"ఆ తెర చుట్టెయ్యప్పా."

"వెనకాల ఉత్త సున్నం గోడే ఉండాది సార్!"

"నేను చూసిన హిమాలయం అట్లే ఉండాది. కానియ్యి."

మునియప్పన్నను మనసారా తిట్టుకుంటూ గోడ ముందు నిలబడ్డాను. గడ్డం మాత్రం పైకెత్తలేదు.