అర్త్ అంటే మన్ను కాదు

నానక్‌రామ్‌గూడలో ఇన్వర్టర్ దుకాణం ముందు బ్యాటరీ యాసిడ్ వాసన తగిలితే నాకు ఇప్పటికీ చిరాకొస్తుంది.

ఆ చిరాకు మొదలైనప్పుడు నాకు ఏడేళ్లు. అమ్మకు నొప్పులు మొదలయ్యాయి, పట్నం దవాఖానకు తీసుకుపోవాలి. నాయిన నడిపే దొర కారేమో ఎంత హ్యాండిల్ తిప్పినా స్టార్ట్ కావడం లేదు.

"బ్యాటరీ ప్లస్ తీగకు అర్త్ అందుతలేదు," అని విసుక్కున్నాడు.

"అర్త్ అంటే ఏంది నాయినా?"

"భూమి! జర పక్కకు జరుగు."

ఆయన అమ్మను తేవడానికి లోపలికి పోగానే, నేను తడిమన్ను తెచ్చి ఆ తీగ కొసకు దట్టంగా మెత్తాను. మెచ్చుకుంటాడనుకున్నాను. వచ్చి చూసి నా వీపు మీద ఒక్కటిచ్చాడు.

"పిల్లను తర్వాత కొట్టు, ముందు బండి చూడు," అని అమ్మ పళ్లు బిగబట్టి అరిచింది.

బోల్టు విప్పి మన్ను గీకుతుంటే కింద తుప్పు బయటపడింది. అది గీకి బిగించాక కారు స్టార్టయింది. దవాఖాన మెట్ల మీదే తమ్ముడు పుట్టాడు.

ఆ కాలపు విలాయతి కార్లలో ప్లస్ తీగను కారు ఇనుప ఒంటికి బిగించేవారు, ఆ ఇనుమునే అర్త్ అనేవారు. ఆ ఒక్క ముక్క చెప్పే తీరిక నాయినకు ఆ రోజు లేదు. అది తెలియక ఆయన మీద ఏళ్లకేళ్లు అలిగే ఉన్నాను.