చిరిగిన పేజీల్లో నేను చదివింది

ఈ బరువు నాలో ముప్పై ఏళ్ళకు పైగా ఉంది. ఎవరికీ చెప్పలేదు. నా భర్తకు చెప్పలేదు, నా బిడ్డలకు చెప్పలేదు. గుళ్ళో చేతులు జోడించినప్పుడు కూడా దీన్ని పక్కకు తోసేసి వేరేవేవో మొక్కుకున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఆ ధైర్యంతోనే చెబుతున్నాను. మధ్యలో ఎక్కడైనా నన్ను నేను వెనకేసుకొస్తున్నట్టు అనిపిస్తే, అక్కడ నన్ను నమ్మకండి.

ఒక ఆడమనిషి కాపురం నా నోటివల్ల పోయింది. ఆమె మీద నేను ఎవరికీ చాడీలు చెప్పలేదు. పుస్తకం చదివాను, అంతే. అంతే అని ఎంత సులువుగా అనేశానో చూడండి.

ఎనభైల చివరి రోజులు. నిజామాబాద్‌లో మా గల్లీ అంతా బీడీల మీదే బతికేది. పొద్దున వంటలు కాగానే ఆడవాళ్ళు చాటలు పట్టుకుని మా ముందు గదిలోకి వచ్చేవాళ్ళు. నేను పదో తరగతి పాసై ఇంట్లో కూర్చున్నదాన్ని. నాకూ ఒక చాట ఇచ్చారు. కానీ నా వేళ్ళకు ఆ పని పట్టుబడలేదు. నేను చుట్టిన బీడీ వదులుగా ఉండేది, కార్ఖానాలో గుమాస్తా నా కట్టలు విప్పి సగం పక్కకు తోసేవాడు. అప్పుడు ఆడవాళ్ళే ఒక ఉపాయం చెప్పారు. వాళ్ళలో ఎవరికీ చదువు రాదు. నేను పుస్తకం చదివి వినిపించాలి, నా వంతు బీడీలు అందరూ తలా కొన్ని చేసి నా చాటలో వేయాలి. అట్లా నేను మా గల్లీకి చదివే పిల్లనయ్యాను.

పుస్తకాలు బస్టాండ్ దగ్గర అద్దె కొట్టు నుంచి తెచ్చేదాన్ని. మొదట్లో అన్ని రకాలూ తెచ్చాను. చివరికి మాకందరికీ రాజుల కథలే కావలసి వచ్చాయి. కోటలు, గుర్రాలు, యుద్ధాలు. యుద్ధానికీ యుద్ధానికీ మధ్య ఆ పేజీలు. ఎలాంటి పేజీలో మీకు తెలుసు. ఆ పేజీలు రాగానే నా గొంతు దానంతటదే తగ్గిపోయేది. ఎవరో ఒకరు లేచి తలుపు దగ్గరికి వేసేవాళ్ళు. బీడీ ఆకు కత్తిరించే కత్తెరల చప్పుడు ఆగిపోయేది. నేను సిగ్గుపడి రెండు వాక్యాలు దాటేస్తే చంద్రకళ పట్టేసేది. ఆమె ఊరు బోధన్ అవతల, నోరు పెద్దది, మనసు చెడ్డది కాదు. "ఏందే, మింగుతున్నవ్? మంచిగ సదువు. మేమేమన్న సిన్న పోరగాండ్లమా?" అనేది. అందరూ కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు.

ఏముండేది వాటిలో? చాలాసార్లు అనుకున్నాను. ముద్దులే అయితే అంతగా ఎదురు చూసేవాళ్ళం కాదు. ఆ పుస్తకాల్లో మగవాడు ఆడదాన్ని అడుగుతాడు. నీకేం కావాలి, భయంగా ఉందా, నేను వెళ్ళిపోనా అని అడిగి, జవాబు కోసం ఆగుతాడు. తంబాకు దుమ్ములో దగ్గుతూ కూర్చున్న మాలో ఎవరినీ ఎవరూ అట్లా అడగలేదు. పట్టుబట్టలూ పూలతోటలూ వినడానికి బాగుండేవి కానీ, ఆడవాళ్ళ చేతులు ఆగిపోయింది మాత్రం ఆ అడగడం దగ్గరే.

గంగామణి అక్క మాతోనే కూర్చునేది, తలుపు పక్కన. ఆమె భర్త దుబాయిలో పనికి పోయాడు. ఇక్కడ ఆమె, ఆమె అత్త. తక్కువ మాట్లాడేది, పని మాత్రం చకచకా చేసేది. నా చాటలో అందరికన్నా ఎక్కువ బీడీలు వేసింది ఆమే. ఒకరోజు ఇద్దరం బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు నడిచి పోతున్నాం. ముందురోజు చదివిన పేజీ గురించి ఏదో అడిగి, ఉన్నట్టుండి, "నన్ను గూడ ఒగడు గట్లనే అడిగిండే," అంది.

బోధన్ దగ్గర తల్లిగారింటికి పోయినప్పుడు చెరుకు కోతకు కూలికి వెళ్ళిందట. చెరుకు ఆకు తగిలి మెడ కింద పొడుగ్గా తెగింది. ఆ గీత మేమందరం చూసినదే. చెరుకు బండి తోలే మరాఠీ మనిషి ఒకడు చెంబుతో నీళ్ళిచ్చి, నొస్తోందా అని వాళ్ళ భాషలో అడిగాడు. ఆ కోత అయిపోయేదాకా కనబడ్డప్పుడల్లా అదే మాట అడిగేవాడు. అంతకుమించి ఏమీ లేదు. చెయ్యి కూడా పట్టుకోలేదు. బండ్లు వెళ్ళిపోయిన రోజు మాత్రం ఆమె చెరుకు తోటలో కూర్చుని ఏడ్చింది. ఎందుకేడ్చిందో తనకే తెలియదంది. ఎవరికీ చెప్పొద్దంది. చెప్పనని ఆమె చేతిలో చెయ్యి వేశాను.

తర్వాత కొన్నాళ్ళకు ఒక లావుపాటి నవల తెచ్చాను. ఒక రాణి, ఆమె కోటలో బందీగా ఉన్న శత్రు సేనాపతి. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోవడానికే సగం పుస్తకం పట్టింది. రేపు కలుస్తారు అన్న చోట ఆ రోజుకు ఆపాను. మరునాడు ఆడవాళ్ళు పెందలాడే వచ్చి కూర్చున్నారు. వంట సగంలో వదిలి వచ్చినవాళ్ళూ ఉన్నారు. నేను పుస్తకం తెరిచాను.

ఆ పేజీలు లేవు. ఎవరో చింపుకుపోయారు. అద్దె పుస్తకాల్లో అట్లా జరిగేదే, సరిగ్గా ఆ పేజీలకే రెక్కలొచ్చేవి. కుట్టు దగ్గర చిరుగులు మాత్రం మిగిలాయి.

చిరిగిపోయింది అంటే సరిపోయేది. నాలుగు తిట్లు తిట్టుకుని ముందుకు పోయేవాళ్ళం. ఎందుకు అనలేదు నేను? గదిలో అన్ని ముఖాలు నా వైపే చూస్తున్నాయి. ఆ చూపు నాకు అలవాటైపోయింది. నాకు పెద్ద అందం లేదు, పని రాదు, ఇంట్లో నా మాటకు విలువ లేదు, పుస్తకం చేతిలో ఉన్నంతసేపే నేను ఒక మనిషిని. ఆ పూట అది పోతుందని భయపడ్డాను. ఆ తర్వాతి పేజీ మీద కళ్ళు పెట్టి, నోటికొచ్చింది చెప్పడం మొదలుపెట్టాను.

మొదట వెన్నెల, మల్లెపందిరి, గజ్జెల చప్పుడు అన్నాను. చంద్రకళ, "గిది మొన్నటి పుస్తకంలదే గదా," అని ఆకు కత్తిరించుకోవడంలో పడింది. నేను ఒక పేజీ తిప్పాను. అప్పుడు అది వచ్చింది. వచ్చింది అంటున్నాను, దానంతటదే వచ్చినట్టు. కాదు. నేను తెచ్చాను. రాణి మెడ కింద రెల్లు ఆకు కోసిన గీత ఉందన్నాను. సేనాపతి చెంబుతో నీళ్ళు తెచ్చాడన్నాను. నొప్పిగా ఉందా అని అడిగాడన్నాను. గది మొత్తం నిశ్శబ్దమైపోయింది. ఏ పుస్తకం చదివినప్పుడూ అంత నిశ్శబ్దం నేను వినలేదు. ఆ రుచి తగిలాక ఆగలేకపోయాను. బోధన్‌లో ఆ మనిషి పట్టని చెయ్యి నా సేనాపతి పట్టుకున్నాడు. అక్కడ జరగనిదంతా రెల్లు గడ్డి మధ్య జరిపించాను. చదివిన అన్ని పుస్తకాల్లోంచీ ఏరి మరీ జరిపించాను.

గంగామణి అక్క అక్కడే ఉందని మరిచిపోయానా? ఎన్నో ఏళ్ళు అట్లానే సర్దిచెప్పుకున్నాను. మరిచిపోలేదు. తలుపు పక్కన ఆమె చీర రంగు కూడా నా కంటికి తగులుతూనే ఉంది. ఆమెకు దక్కనిది కథలో ఇస్తున్నాను కదా, లోపల సంతోషపడుతుందిలే అని కూడా ఒక మాట నాకు నేను చెప్పుకున్నాను. అది ఆ తర్వాత కల్పించుకున్న మాటో, అప్పుడే అనుకున్నదో ఇప్పుడు నాకే తెలియదు.

నేను ఆపగానే చంద్రకళ గట్టిగా ఊపిరి వదిలి, "ఈ రాణిది మన బోధన్ దిక్కేనా ఏంది?" అంది. అందరూ నవ్వారు. అది ఉత్త పరాచికమే. కానీ గంగామణి అక్క గబుక్కున కొంగు లాగి మెడ కప్పుకుంది. కప్పుకోకపోయి ఉంటే ఆ నవ్వు అక్కడితో అయిపోయేదేమో. ఆమె కప్పుకోవడం అందరూ చూశారు. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

ఆ రాణి కథ గంగామణిదే అన్న మాట గల్లీ దాటడానికి ఎంతసేపు. ఆమె అత్త మా ఇంటికి వచ్చింది. నన్ను పక్కకు పిలిచి, నా కోడలు ఇదంతా నీకు చెప్పిందా అని అడిగింది. నా వెనక మా అవ్వ, అంటే మా అమ్మ, నిలబడి ఉంది. నాకు సంబంధాలు చూస్తున్న రోజులవి. నీళ్ళ చెంబు వరకే ఆమె చెప్పింది, మిగతాదంతా నేను కల్పించాను అంటే, పెళ్ళికాని పిల్లకు ఇవన్నీ ఎక్కడివి అని మా అవ్వ అక్కడే నిలదీసేది. పుస్తకాలు బందయ్యేవి. నేను తల ఊపాను. చెప్పింది అన్నట్టు. అది అబద్ధం కాదు, చెప్పడం నిజమే కదా అని ఆ క్షణంలోనే లెక్క వేసుకున్నాను. ఎంత చెప్పిందో మాత్రం చెప్పలేదు. నేను నోరు తెరిస్తే ఆమె కాపురం నిలిచేది. ఈ ఒక్క విషయంలో నాకు ఏనాడూ అనుమానం లేదు.

ఆ రోజుల్లో దుబాయికి మాటలు టేపు క్యాసెట్‌లో నింపి పంపేవాళ్ళు. అత్త ఒక క్యాసెట్ పంపింది. కొన్ని వారాలకు జవాబు క్యాసెట్ వచ్చింది. తల్లిగారింటికి తోలెయ్యమన్నాడని గల్లీలో చెప్పుకున్నారు.

వెళ్ళే రోజు మధ్యాహ్నం ఆమె మా ఇంటికి వచ్చింది. నేను ఒక్కదాన్నే ఉన్నాను. తిడుతుందనుకున్నాను. గడప మీద కూర్చుని మెల్లగా అడిగింది.

"నేను నీకు జెప్పింది గా నీళ్ళిచ్చిన దాంకనే గదనే. తర్వాతదంత పుస్తకంలదేనా?"

"ఔ అక్కా. పుస్తకంలదే."

"ఏడున్నదో సూపెట్టు."

నేను పుస్తకం తెచ్చి తెరిచాను. చిరుగుల మీద బొటనవేలు నొక్కిపెట్టి, పక్క పేజీ మీద చూపుడువేలు పెట్టాను. ఆ పేజీలో ఏనుగులు నది దాటుతున్నాయి. ఆమె ముందుకు వంగి ఆ అక్షరాలను చాలాసేపు చూసింది.

"అట్లయితే నీ తప్పేం లేదు తియ్. నా ముచ్చట అసొంటిది ముందుగాల్నే ఎవలో రాసిండ్రు. నీకు జెప్పుడే నాది తప్పు." మళ్ళీ అడిగింది. "ఆఖరికి రాణికేమైందే?"

"మంచిగనే బతికింది అక్కా."

ఆ పుస్తకం చివరిదాకా నేను చదవనే లేదు. ఆమె లేచి నా తల మీద చెయ్యి పెట్టి వెళ్ళిపోయింది.

మరునాడు పుస్తకం కొట్లో ఇచ్చేసి వేరేది తెచ్చాను. ఆడవాళ్ళు చాటలు ముందు పెట్టుకున్నారు, నేను చదివాను. తలుపు పక్కన ఇంకొకరు కూర్చున్నారు. నా పెళ్ళయ్యేదాకా అట్లానే నడిచింది. ఇట్లాంటి నవలలు ఇప్పటికీ చదువుతాను, ఇష్టంగానే చదువుతాను. అందుకూ సిగ్గుపడాలో, అక్కర్లేదో తెలియదు.

ఆమె భర్త మళ్ళీ పిలవలేదు. చాలా ఏళ్ళ తర్వాత, మా పిల్లలు కాలేజీకి వచ్చాక, బోధన్‌లో ఒక పెళ్ళికి పోయి ఆమె ఊరు వెతుక్కుంటూ వెళ్ళాను. చెబుదామనే వెళ్ళాను. ఇంటి ముందు చిన్న దుకాణం పెట్టుకుని ఉంది. నన్ను గుర్తుపట్టి చాయ్ పెట్టింది. పక్కింటామెను పిలిచి, మా నిజామాబాద్‌ల గీమె పుస్తకం సదువుతుంటే బువ్వ గూడ యాదికుండకపోయేది అని చెప్పింది. ఆ మాటల్లో ఎత్తిపొడుపు ఉందేమోనని వెతికాను. లేదు. నిజంగానే మెచ్చుకుంటోంది. చాయ్ తాగాను. బస్సుకు వేళయిందని చెప్పి వచ్చేశాను.

ఇప్పుడు ఆమె బతికి ఉందో లేదో తెలియదు. కనుక్కోవచ్చు. కనుక్కోలేదు. ఇదంతా మీకు చెప్పాక ఛాతీ మీద కొంచెం తేలికగా ఉంది, చెప్పవలసింది మీకు కాదని తెలిసీ తేలికగానే ఉంది.

ఆ పేజీలు చిరిగిపోయి ఉన్నాయి అక్కా. వాటిలో ఏముందో నాకూ తెలియదు. నీ చెయ్యి ఎవరూ పట్టుకోలేదు. ఆ మాట నాకు తెలుసు, మీ అత్త నా ఎదురుగానే నిలబడి ఉంది, నేను తల ఊపాను.