తెల్ల ఉప్పు దేశం

పై వాటాలో ఎవరో గులాబీ పువ్వులు వండుతున్నారు. ఇనప అచ్చును కాగే నూనెలో వేడి చేసి, తియ్యటి పిండిలో ముంచి, మళ్లీ నూనెలో పెట్టి విదిలిస్తే విడివడి తేలే ఆ పువ్వుల వాసన మెట్లు దిగి మా గుమ్మం దాకా వచ్చింది. చేతిలో పని వదిలేసి కాసేపు అక్కడే నిలబడ్డాను. డిసెంబరులో ఈ వాసన తగిలితే చాలు, నాకు పన్నెండేళ్లు వచ్చేస్తాయి, ఉన్న ఊరు బాపట్ల అయిపోతుంది.

ఎనభైలలో మా బాపట్లకు డిసెంబరు వచ్చిందంటే ముందు కోతలు, తరవాత క్రిస్మసు. పొద్దున్నే గడ్డి బండ్లు కిర్రుమంటూ పోతుంటే వెనక పడి గడ్డిపరకలు లాగేవాళ్లం, ఇసక పర్రల్లోంచి తవ్వి తెచ్చిన తేగల కట్టలు బస్టాండు దగ్గర ఆవిర్లు కక్కుతుండేవి, ఆ తేగను చీల్చి నమిలితే పళ్ల సందుల్లో ఇరుక్కున్న పీచు తీసుకోవడానికే సగం పూట పట్టేది. చర్చికి సున్నాలు వేసేవారు. మా పేటలో ప్రతి ఇంటి ముందూ వెదురు బద్దలతో కట్టిన నక్షత్రానికి రంగు కాగితాలు అంటించేవాళ్లం. మైదా ఉడికించిన జిగురు కాస్త తియ్యగా ఉంటుంది గనక సగం కాగితాలకూ సగం మా తమ్ముడి పొట్టలోకీ పోయేది. అమ్మ కజ్జికాయలు డబ్బాలకెత్తి అటక మీద పెట్టి, మేము అటక ఎక్కలేమని నమ్మేది.

క్రిస్మసుకు ముందు ఆదివారం సండే స్కూల్లో బైబిలు వాక్యాలు అప్పజెప్పే పోటీ ఉండేది. తప్పు లేకుండా చెప్పినవాళ్లకు బహుమతి ఓ గ్రీటింగు కార్డు. కొత్తది కాదు. ఎక్కడో విదేశాల్లో ఎవరో ఎవరికో పంపుకున్న కార్డులు, వాటి అవసరం తీరాక, రాత ఉన్న సగం కత్తిరించేసి, బొమ్మ ఉన్న సగం మూటలు కట్టి మా చర్చికి పంపేవారు. ఆ సగం అట్టముక్కల కోసం మేము నెలరోజులు గొంతులు పోగొట్టుకునేవాళ్లం. ఇతర దేశాల పిల్లలు ఎలా ఉంటారో, ఏం తొడుక్కుంటారో, ఏం ఆడుకుంటారో మాకు చెప్పింది ఆ కార్డులే. చెప్పిందంతా మేము మాకు తోచినట్టు అర్థం చేసుకున్నాం, అది వేరే సంగతి.

నాకు పన్నెండేళ్లున్న ఆ ఏడు వచ్చిన కార్డు మీద నేలంతా తెల్లగా ఉంది. కుప్పలు కుప్పలుగా తెలుపు. ఎర్ర బూట్లు వేసుకున్న ఇద్దరు పిల్లలు వీపులకు సంచులు తగిలించుకుని నవ్వుతూ నడుస్తున్నారు. ఒకడి చేతిలో పార. రెండోది తాడు కట్టిన చెక్క పలకను లాక్కుపోతోంది. మర్నాడు దాన్ని బడికి తీసుకెళ్లి ముందుగా నాగమణికి చూపించాను.

నాగమణి నా పక్క బెంచీ. దాని అమ్మానాన్నలు సముద్రం వైపు ఉప్పు మళ్లలో పని చేసేవారు. సముద్రపు నీళ్లు మళ్లలోకి పెట్టి, ఎండగట్టి, అడుగున తేరిన ఉప్పును పలకలతో గీకి కుప్పలు పోసే పని. వానలు తగ్గాక మడి అడుగు గట్టిపడేదాకా ఇంటిల్లిపాదీ కాళ్లతో తొక్కాలి. వానాకాలమంతా మణి మా వీధి చివర అమ్మమ్మ దగ్గర ఉండి చదువుకునేది. జనవరి రాగానే వాళ్ల నాన్న వచ్చి తీసుకుపోయేవాడు. మళ్లీ బడులు తెరిచాకే రావడం, నల్లబడి, మడమలు పగిలి. ఏటా పరీక్షలు దానికి లేకుండానే అయిపోయేవి, పంతుళ్లు దయతలచి పై తరగతిలో కూర్చోబెట్టేవారు. కానీ ఆ ఏడు మాది ఏడో తరగతి, పబ్లిక్ పరీక్ష. రాయకపోతే దయలు పని చేయవు. అక్కడితో మణి చదువు ఆగిపోయినట్టే.

కార్డు చూడగానే మణి కళ్లు ఇంతయ్యాయి.

"ఇది ఉప్పు మడే!" అంది. "చూడవే, కుప్పలు పోశారు. ఇదిగో పార. ఇది గుంజుతుందే పలక, మా నాన్న కూడా అట్టాగే గుంజుతాడు."

"మరి ఇళ్ల మీద కూడా ఉందేంటే?"

"జాగా చాలక పోసుకునుంటారు."

దాని మాట కాదనడానికి క్లాసులో ఎవరి దగ్గరా ఏమీ లేదు. బొమ్మలో వెనకగా ఉన్న తెల్లటి బొద్దు మనిషికి క్యారెట్టు ముక్కు పెట్టి ఉంటే, క్యారెట్టును ఉప్పులో ఊరగాయకు పెట్టారని తేల్చాం. మణి మాత్రం ఆ బూట్లు చూసి నిట్టూర్చింది. "బూట్లుంటే కాళ్లు పగలవు. మా అమ్మకి చూపించాలి" అంది.

ఇక్కడ మా నాన్న గురించి చెప్పాలి. లెక్కల మాస్టారు. ఎర్ర పెన్సిలు ఆయన జేబులో కాదు, నాలుక మీద ఉండేది. సంతలో తూకం తప్పయితే ఆయనకు లాభమైనా సరే దిద్దించేవాడు. ఓసారి పాస్టరుగారు ప్రసంగంలో ఏవో ఏళ్లు తప్పు కూడితే, చర్చి మెట్ల మీద ఆపి మరీ సరిచేశాడు; అమ్మ ముసుగు ముఖం మీదికి లాక్కుని తెలియనట్టు వెళ్లిపోయింది. సాయంత్రాలు మా అరుగు మీద నాకూ మణికీ లెక్కలు చెప్పేవాడు. కార్డు చూసి ఊరుకుంటాడా?

"ఉప్పు కాదమ్మాయ్. ఐసు లాంటిది. చలి దేశాల్లో ఆకాశం నుంచి పడుతుంది."

"ఐసు పడితే నెత్తి పగలదా అండి?" అంది మణి. ఆయన ఎంత చెప్పినా తల ఊపిందే గానీ నమ్మలేదు. నిజం చెప్పాలంటే నేనూ నమ్మలేదు. మా నాన్న ఆ దేశం చూడలేదు, మణి ఉప్పు మడి చూసింది.

కొత్త సంవత్సరం వెళ్లిన వారంలోనే మణి వాళ్ల నాన్న వచ్చాడు. పొడుగ్గా, ఎండకు కమిలిన మనిషి, మాట తక్కువ. కూతుర్ని వెతుక్కుంటూ మా అరుగు దగ్గరికే వచ్చి, చెప్పులు దూరంగా విడిచి నిలబడ్డాడు. నాన్న కూర్చోమంటే ఆ చివర కూర్చున్నాడు.

"తీసుకుపోదామని వచ్చానండి. మడి తొక్కాలి. చేతులు చాలట్లేదు."

నాన్న పరీక్ష సంగతి చెప్పాడు. మణి వాళ్ల నాన్న అన్నిటికీ "అవునండి" అనే అన్నాడు, కానీ లేవబోయాడు. అప్పుడు మణి నా పుస్తకంలోంచి కార్డు లాగి వాళ్ల నాన్న ముందు పెట్టింది.

"చూడు నాన్నా. వీళ్లదీ ఉప్పు మడే. పార పట్టుకున్నారు, పలక గుంజుతున్నారు. అయినా వీపున చూడు, బడి సంచులు. పొద్దున ఉప్పు తీసి బడికి పోతున్నారు. ఆ దేశంలో ఉప్పోళ్ల పిల్లలు బడి మానరు."

వాళ్ల నాన్న వేళ్లు లుంగీకి తుడుచుకుని కార్డును అంచులతో పట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు. గుమ్మంలో అమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆయన తలెత్తి మా నాన్నను అడిగాడు.

"మాస్టారూ, ఇది నిజంగా ఉప్పు మడేనంటారా అండి?"

పాస్టరుగారినే వదలని మనిషి ఇప్పుడు వదులుతాడా? నాన్న కళ్లజోడు తీశాడు, పంచె కొసతో తుడిచాడు, మళ్లీ పెట్టుకున్నాడు. మణి వైపు చూశాడు.

"ఆ పిల్లలు బడికి పోతున్న మాట మాత్రం నిజమేనయ్యా" అన్నాడు.

మణి వాళ్ల నాన్న ఇంకాసేపు బొమ్మను చూసి, కార్డు కూతురికి ఇచ్చేశాడు. "సరేనండి. పరీక్షలయ్యేదాకా ఉండనీండి. మేమిద్దరం తొక్కుకుంటాం" అన్నాడు. మణి ఏడ్చింది, నేనూ ఏడ్చాను. అటక మీది కజ్జికాయల డబ్బా అమ్మ తనంతట తానే దించింది. మణి పరీక్ష రాసి పాసైంది. పదో తరగతీ చదివింది, నర్సు ట్రైనింగూ చేసింది.

ఇప్పుడు ఆ ఉప్పు మళ్లు చాలావరకు రొయ్యల చెరువులయ్యాయి. సగం కార్డుల మూటలు ఎప్పుడో ఆగిపోయాయి, పండగ శుభాకాంక్షలు ఫోన్లో వచ్చి ఫోన్లోనే పోతున్నాయి. మా అరుగు కొట్టేసి రోడ్డు వెడల్పు చేశారు. మా నాన్న పోయి చాలా ఏళ్లైంది. మణి వాళ్ల నాన్న మొన్న ఎండాకాలంలో పోయాడు. మణిని చూడ్డానికి రేపల్లె వెళ్లాను, అది అక్కడి ఆసుపత్రిలోనే పని చేస్తోంది. పెరట్లో ఇద్దరం కూర్చుని ఆయన మాటలు చెప్పుకుంటుంటే ఆ కార్డు ప్రస్తావన వచ్చింది. పాపం మీ నాన్న, అది ఉప్పేనని నమ్మేశాడు కదే అన్నాను.

మణి తల అడ్డంగా ఊపింది. "నమ్మలేదే. నాకు ఉద్యోగం వచ్చిన రోజు చెప్పాడు. చూడగానే తెలిసిందంట."

"ఎట్టా తెలిసింది?"

"ఉప్పు మడిలో ఏ పిల్లలూ అట్టా నవ్వరమ్మా, అన్నాడు."

దాని చెయ్యి పట్టుకుని అలాగే కూర్చున్నాను. ఆ సాయంత్రం మా అరుగు మీద ఉన్న ఇద్దరు నాన్నలకూ తెలుసు. ఇద్దరూ పైకి అనలేదు.